తిరగరాసిన నోటు, ఏసీలో ఆగిన టిక్కీలు

గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఫలానా కుటుంబం ఎందుకు చితికిపోయిందని అడిగితే జవాబుగా ఏదో ఒక సంఘటన చెబుతారు. నల్ల తామర పురుగు పడ్డ ఏడాది, కూతురి పెళ్లి, ఇంటాయన ఆపరేషన్, నీళ్లు పడని బోరు. అబద్ధం కాదు. 2021–22 సీజన్లో ఆ పురుగు పూతలో చేరి మిర్చి తోటల్ని కాయ నిలవకుండా చేసినప్పుడు ఎకరానికి లక్షలు పెట్టిన రైతులు కోత కూలి కూడా రాబట్టుకోలేకపోయారు. కానీ కాగితాలు ముందేసుకుని లెక్క చూస్తే వేరే కథ బయటపడుతుంది. అలాంటి ఒక చెడ్డ ఏడాది మిగిల్చిన అప్పు మూడు లక్షలు అనుకుందాం. తొమ్మిదేళ్ల తరవాత పొలం అమ్మకానికి పెట్టే నాటికి బాకీ పదిహేను లక్షలు. మధ్యలో పెరిగిన పన్నెండు లక్షలు ఆ చెడ్డ ఏడాది తెచ్చినవి కావు. వడ్డీ, దానికి తోడు మామూలు రోజుల్లో, ఇంటి అరుగు మీద కాఫీ తాగుతూ పెట్టిన రెండు మూడు సంతకాలు తెచ్చినవి.

పెళ్లికీ, ఇంటికీ, పిల్లవాడి కాలేజీకీ పదిమందిని సలహా అడుగుతారు. నడుస్తున్నదాన్ని ఇంకొన్నాళ్లు నడిపించడానికి మాత్రం ఎవరినీ అడగరు. "ఇప్పటికి ఇలా కానిద్దాం" అనుకోవడం ఎవరికీ నిర్ణయంలా కనిపించదు. జీవితాల్ని మలుపు తిప్పే నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పట్టుకుంటే ఆగుతాయో అంకెలతో చూడటం మేలు.

మూడేళ్లకొకసారి వచ్చే రోజు

ప్రైవేటు అప్పుకు ఈ ప్రాంతంలో వాడుక రేటు నూటికి నెలకు రెండు రూపాయలు. మాటలో చిన్నదే, ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000. మూడేళ్లలో వడ్డీ 2,16,000 అవుతుంది.

మూడేళ్లు అనడానికి కారణం కాలదోషం. డిమాండు ప్రోనోటు (అడిగినప్పుడు తీరుస్తానని రాసిచ్చే అప్పు పత్రం) మీద దావా వేయాలంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. అది దగ్గరపడగానే అప్పిచ్చిన మనిషి వస్తాడు. "డబ్బు ఇప్పుడే ఇమ్మనడం లేదు, నోటు తిరగరాయండి చాలు" అంటాడు. వినడానికి ఉపకారంలా ఉంటుంది. పాత నోటు చింపేస్తారు, అసలూ వడ్డీ కలిపి 5,16,000కు కొత్త నోటు. వడ్డీ అసలైపోయింది. ఇక నెలకు వడ్డీ 10,320.

ఇంకో మూడేళ్లకు వడ్డీ 3,71,520 చేరి నోటు 8,87,520 అవుతుంది. నెల వడ్డీ 17,750. ఆ తరవాతి మూడేళ్లలో 6,39,014 పెరిగి, తొమ్మిదో ఏడు ముగిసేసరికి బాకీ 15,26,534. ఇదే మూడు లక్షలు తిరగరాయకుండా, అదే రెండు రూపాయల బారువడ్డీతో తొమ్మిదేళ్లు నడిచి ఉంటే 9,48,000 దగ్గర ఆగేది. అదీ భారమే. కానీ 5,78,534 తేడా కేవలం ఆ రెండు తిరగరాతలది. వడ్డీ రేటు ఒక్క పైసా పెంచకుండానే ఇంత జరిగింది.

అప్పిచ్చిన వ్యక్తి భయం న్యాయమైనదే, గడువు దాటితే అతని దావా చెల్లదు. ఆ భయం తీర్చడానికి తిరగరాత ఒక్కటే మార్గం కాదు. గడువు లోపల కొంత సొమ్ము కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది. కట్టింది వెయ్యి రూపాయలైనా సరే. అసలు మూడు లక్షలుగానే ఉంటుంది. చెల్లు ఇలా ఉంటే చాలు: "ఈ నోటు బాకీ కింద వడ్డీకి ఈ రోజు రూ. 10,000 చెల్లించడమైనది", కింద తేదీ, అప్పు తీసుకున్న వ్యక్తి సంతకం. అప్పిచ్చిన వ్యక్తి ఒక్కడే తన చేతిరాతతో రాసుకున్న చెల్లుకు విలువ లేదు. కట్టినవారి రాతో సంతకమో ఉండాలి. ఈ సంగతి చాలామంది అప్పుదార్లకు తెలియదు. తెలిసిన షావుకార్లు చెప్పరు.

తప్పనిసరై తిరగరాయాల్సి వస్తే పాత నోటు వెంటనే చింపనివ్వకూడదు. "కొత్త నోటు వల్ల రద్దు" అని రాయించి తెచ్చుకోవాలి, కనీసం రెండు వైపులా ఫొటో అయినా తీసుకోవాలి. రైతుల అప్పులకు వడ్డీ తగ్గించే చట్టం 1938 నుంచే ఈ ప్రాంతంలో ఉంది. దాన్ని వాడుకోవాలంటే మొదట చేతికొచ్చిన అసలు ఎంతో చూపించగలగాలి. పాత నోటు పొయ్యిలోకి పోయాక 8,87,520 నగదుగా తీసుకున్నారనే కొత్త నోటు చెబుతుంది.

గడువు దాటిపోయిన నోటు సంగతి ఇంకా చిత్రం. మూడేళ్లు నిండి, ఒక్క చెల్లూ లేకపోతే కోర్టు ద్వారా వసూలు చేసే హక్కు పోతుంది. ఆ మర్నాడు అప్పుదారు మంచితనంతోనో మాటపడలేకో కొత్త నోటు రాస్తే కాలదోషం పట్టిన బాకీ మళ్లీ బతుకుతుంది. కాంట్రాక్టు చట్టం దాన్ని చెల్లుబాటయ్యే ఒప్పందంగానే చూస్తుంది. ఇక్కడ నైతికత వేరు, చట్టం వేరు. తీసుకున్న డబ్బు తిరిగివ్వడం ధర్మం అనుకునేవారు ఇవ్వొచ్చు, అందుకు నోటు అక్కర్లేదు. ఇచ్చినంతకు రసీదు చాలు.

ఖాళీ నోటు మీద సంతకం గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టాంపు అంటించి, అంకెలు రాయకుండా సంతకం చేసి ఇచ్చిన కాగితాన్ని పూరించుకునే అధికారం అది పట్టుకున్నవారికి ఉందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అనుకుంటుంది. డబ్బు ముట్టలేదని నిరూపించాల్సిన బరువు సంతకం పెట్టినవారి మీద పడుతుంది. ఖాళీ చెక్కుదీ ఇదే దారి. సంతకం తనదని ఒప్పుకున్నాక మిగతా రాత ఎవరిదన్న వాదన పెద్దగా నిలవదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో సొమ్ము కట్టకపోతే క్రిమినల్ కేసు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. హామీగా ఇవ్వక తప్పని చెక్కులో కనీసం మొత్తం అంకెల్లో, అక్షరాల్లో తామే రాయాలి. ఏ అప్పుకు, ఏ నంబరు చెక్కు ఇచ్చారో వేరే కాగితం మీద రాసి అవతలివారి సంతకం తీసుకోవాలి.

అమ్మాలా, ఏసీలో పెట్టాలా

మిర్చి యార్డు ధరల పట్టికలో ఏసీ, నాన్ ఏసీ అని రెండు వరసలుంటాయి. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన సరుకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ధర తగ్గితే రైతు ముందు రెండే దారులు. ఇంట్లో ఆపుకునే దారి నిజానికి లేదు. తొలకరి తేమ తగిలితే తేజ రకమైనా 334 రకమైనా రంగు వెలిసిపోతుంది, కాయ మెత్తబడి బూజు పడుతుంది.

ఏసీలో పెట్టినప్పుడు "ఖర్చేముంది, టిక్కీకి (మిర్చి బస్తాకు) అద్దేగా" అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ వేద్దాం. ఈ రోజు యార్డులో క్వింటాలు 12,000. టిక్కీ 40 కిలోలు, అద్దె సీజనుకు 200 అనుకుంటే క్వింటాలుకు 500. రవాణా, ఎత్తుడు దించుడు ముఠా కూలి, గోతాలు కలిపి 150. ఎనిమిది నెలలకు తూకంలో మూడు శాతం తరుగు. ఇవి కాక, ఆ క్వింటాలు అమ్మి తీర్చగలిగిన అప్పు మీద రెండు రూపాయల వడ్డీ: నెలకు 240, ఎనిమిది నెలలకు 1,920. అన్నీ కలిపి, తరుగు తీసేసి చూస్తే డిసెంబరులో ధర 15,020 ఉంటేనే ఏప్రిల్లో 12,000కు అమ్మినదానితో సమానం. పాతిక శాతం పెరగాలి, లాభం కోసం కాదు, నష్టపోకుండా ఉండటానికి.

అదే సరుకును 7 శాతం బ్యాంకు అప్పుతోనో, అంతే వడ్డీ తెచ్చిపెట్టే సొంత డబ్బుతోనో ఆపితే వడ్డీ 560 మాత్రమే, సమానమయ్యే ధర దాదాపు 13,620. పక్కపక్క పొలాల ఇద్దరు రైతులు ఒకే రోజు, ఒకే ఏసీలో, ఒకే రకం పెడతారు. డిసెంబరులో ధర 14,500 పలికితే ఒకరు గట్టెక్కుతారు, మరొకరు మునుగుతారు. ఊళ్లో మాత్రం ఒకరిది తెలివి, మరొకరిది దురదృష్టం అంటారు.

అందుకే "అమ్మాలా, ఆపాలా" అన్న ప్రశ్నకు ఒకే జవాబుండదు. రెండు రూపాయల వడ్డీ అప్పు తీరేంత సరుకు కోతల్లోనే అమ్మేయాలి. మూడు లక్షల అసలు, పది నెలల వడ్డీ 60,000 ఉంటే 12,000 ధరకు 30 క్వింటాళ్లు. మూడెకరాల్లో ఎకరానికి 20 చొప్పున 60 క్వింటాళ్లు పండిన రైతుకు, మిగతా ఖర్చులు పక్కన పెడితే, సగం మిగులుతుంది. ఆ సగంతో ఎదురుచూడొచ్చు. అప్పు వడ్డీ నెత్తిన లేనివాడికి ఆగస్టులో ధర పడిందని నిద్ర చెడదు.

ఎదురుచూపుకు తేదీ ఉండాలి. ఏసీ బాండు (సరుకు పెట్టినందుకు కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు) చేతికొచ్చిన రోజే దాని వెనక రెండు విషయాలు రాసుకోవడం మంచి అలవాటు: ఏ ధర వస్తే అమ్మాలి, రాకపోయినా ఏ తేదీకి అమ్మేయాలి. రాసుకోకపోతే ఏమవుతుందో ఈ మధ్య సీజన్లే చూపించాయి. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన ధర చూసినవారికి ఆ అంకె మనసులో నాటుకుపోయింది. ధర 16 వేలకు దిగితే "పైకి వెళ్లకపోదు", 13 వేలకు దిగితే "ఇంత దూరం వచ్చాక ఇప్పుడా" అనిపిస్తుంది. 2025 ఫిబ్రవరికి ధరలు ఎంత పడిపోయాయంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. సంక్రాంతి దాటితే కొత్త కాయ యార్డుకు వస్తుంది, పాత ఏసీ సరుకు వైపు కొనుగోలుదారు చూపు తగ్గుతుంది. నవంబరు, డిసెంబరు దాటి ఆపడమంటే రెండో పంటతో పోటీకి దిగడమే.

ధర ఎటు పోతుందో చెప్పే సూచన ఒకటుంది, ఖర్చు లేనిది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు ఎంత అమ్ముడవుతోందో చూడటం. నిరుడు ధర బాగుంటే అందరూ మిర్చే వేస్తారు, వచ్చే ఏడు ధర పడుతుంది. పడ్డ ఏడాది తరవాత విస్తీర్ణం తగ్గుతుంది, ఏసీ సరుకుకు ప్రాణం వస్తుంది. నారుమళ్ల దగ్గర రద్దీ ఉంటే ఏసీలో సరుకు ఉన్నవాడు తొందరపడాలి. చాలామంది చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఏసీలో సరుకు అలాగే ఉంచి, అదే ధర ఆశతో ఇంకో ఎకరం కౌలుకు తీసుకుంటారు. ఒకే పందెం రెండుసార్లు కాసినట్టు.

చిన్న జాగ్రత్తలూ పెద్ద తేడా తెస్తాయి. తాలు (రంగు పోయిన నాసి కాయ) వేరు చేయకుండా తొక్కిన టిక్కీకి మొత్తం సరుకు ధర తగ్గుతుంది. తేమ 10–11 శాతానికి దిగకముందే పెడితే టిక్కీ మధ్యలో బూజు. బాండు మీద రకం, టిక్కీల సంఖ్య, లాటు నంబరు, బీమా వివరం ఉన్నాయో లేదో చూసుకోవాలి. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు తగలబడిన సందర్భాలున్నాయి.

ఒకరి సంతకం, ఇంకొకరి వడ్డీ

పర్యవసానాలు ఎప్పుడూ నిర్ణయం తీసుకున్నవారి మీదే పడవు. కౌలు రైతు కార్డు దీనికి మంచి ఉదాహరణ. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలకు ఇచ్చే ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే ఉంది. అయినా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని "ఎందుకొచ్చిన గొడవ" అని సంతకం పెట్టడు. ఆయనకు ఆ నిర్ణయం ఖరీదు సున్నా. కౌలుదారుకు ఎంత? సకాలంలో కట్టిన పంట రుణానికి వడ్డీ రాయితీలు పోను పడేది 4 శాతం. రెండు లక్షలకు ఏడాదికి 8,000. కార్డు లేక కమీషన్ దుకాణం దగ్గరో బయటో రెండు రూపాయలకు తెస్తే 48,000. పైగా కమీషన్ దుకాణం అప్పు ఉన్నవాడు పంట అక్కడికే తేవాలి, ఏసీలో ఆపుకునే స్వేచ్ఛ సగం పోయినట్టే. కార్డున్నా బ్యాంకు మేనేజరు తిప్పుకోవడం మామూలే. కానీ లేకపోతే అడిగే అర్హతే ఉండదు. కౌలు ధర దగ్గర వెయ్యి, రెండు వేలు బేరమాడే రైతు ఆ సంతకం గురించి ముందే బేరమాడితే ఎక్కువ గిట్టుబాటు. కౌలు ఎకరానికి రెండు వేలు పెంచి ఇచ్చి సంతకం తెచ్చుకున్నా, మూడెకరాలకు పోయేది 6,000, మిగిలేది 34,000.

బంగారం సంగతీ ఇలాంటిదే. బీరువాలో పది కాసులుండగా బయట రెండు రూపాయలకు అప్పు తెచ్చే ఇళ్లున్నాయి. తాకట్టు పెడితే పరువు పోతుందన్న భయం. బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి మూడు లక్షలు దొరికితే ఏడాదికి 30,000, బయట 72,000. నగ పెట్టెలో ఉన్నందుకు ఏటా 42,000 అద్దె కడుతున్నట్టు లెక్క. ఆ నగ ఇంటావిడది కాబట్టి నిర్ణయమూ ఆవిడదే కావాలి. ఆవిడ "వద్దు" అంటే అది పిచ్చి మమకారం కాకపోవచ్చు. ఇంతకు ముందు పెట్టినది తిరిగి రాకపోయి ఉండొచ్చు.

ష్యూరిటీ సంతకం

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో పనిచేసేవారికి ఏటా ఒకసారైనా ఎదురయ్యే మాట: "చీటీ పాడాను, ఒక సంతకం పెట్టాలి అన్నా." అడిగేది తోటి ఉద్యోగో, బావమరిదో. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత అందరికీ తెలుసు. సంతకం మాత్రం పడిపోతూనే ఉంటుంది.

దేని మీద సంతకం పెడుతున్నారో అంకెల్లో చూడాలి. ఐదు లక్షల చీటీ, 50 మంది, నెలకు 10,000. ఆరో నెలలో లక్షన్నర తగ్గించి పాడుకున్న సభ్యుడి చేతికి వచ్చేది మూడున్నర లక్షలు. తగ్గించిన లక్షన్నరలో చీటీ మొత్తం మీద కమీషన్ 5 శాతం అనుకుంటే, 25,000 పోను 1,25,000 సభ్యులందరికీ పంచితే తలా 2,500. ష్యూరిటీ ఇచ్చేవారి మనసులో ఉండేది "మూడున్నర లక్షల అప్పు, నెలకు ఏడు, ఎనిమిది వేలు కడతాడు" అన్న లెక్క. కాగితం మీద ఉండేది ఇంకా 44 నెలలు, నెలకు 10,000 దాకా, వెరసి 4,40,000. సక్రమంగా కట్టినంత కాలం అలా పంచే సొమ్ము (డివిడెండు) వాయిదాలోంచి తగ్గుతుంది. వాయిదాలు ఎగ్గొడితే ఒప్పందాన్ని బట్టి అదీ పోతుంది, పైన అపరాధ వడ్డీ పడుతుంది.

"ముందు అతణ్ని అడుగుతారు, దొరక్కపోతేనే నా దగ్గరికి వస్తారు" అనేది రెండో భ్రమ. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ష్యూరిటీ బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ఎవరి దగ్గర సులువుగా వసూలవుతుందో అక్కడికే వస్తారు. జీతం వచ్చే మనిషి దగ్గర సులువు. అసలు బాకీదారు వ్యాపారం మూతపడి ఊరు మారితే, కోర్టు తీర్పు (డిక్రీ) ష్యూరిటీ ఇచ్చిన ఉద్యోగి కార్యాలయానికి వస్తుంది, జీతంలోంచి కోత మొదలవుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ లెక్క ఇది: మినహాయింపు ఉన్న భత్యాలు తీసేశాక మిగిలే జీతంలో మొదటి 1,000, తరవాతి దాంట్లో మూడింట రెండొంతులు ముట్టకూడదు. అంటే 61,000 లెక్కకొస్తే నెలకు 20,000 జప్తు. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలలు దాటి జీతం జప్తు చేయకూడదు. ఇరవై నాలుగు నెలలకు 4,80,000 అవుతుంది. చీటీ బాకీ పూర్తిగా వసూలవడానికి అది చాలు. పింఛను, ప్రావిడెంటు ఫండు జప్తుకు అందవు. ఇల్లు, స్థలం అందుతాయి.

కనబడని నష్టం ఇంకోటుంది. బ్యాంకు అప్పుకు హామీ ఉంటే అది సంతకం పెట్టినవారి క్రెడిట్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. బావమరిది లారీ కిస్తీ ఆగితే, మూడేళ్ల తరవాత సొంత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర తెలుస్తుంది.

సంతకం పెట్టే తీరాలనుకుంటే కొన్ని పనులు అప్పుడే చేయాలి, తరవాత కుదరదు. ఒప్పందం కాపీ తీసుకోవాలి. ఖాళీలున్న ఫారం మీద సంతకం పెట్టకూడదు. హామీ మొత్తానికి పరిమితి రాయమని అడగాలి. ఇంకెవరు ష్యూరిటీ ఇస్తున్నారో కనుక్కోవాలి, ఎందుకంటే వేరే షరతు లేకపోతే ష్యూరిటీలంతా సమానంగా భరించాలి. తోటివారు కొద్ది నెలల్లో రిటైరయ్యేవారైతే వసూలు భారం ఆచరణలో ఒక్కరి మీదే పడుతుంది. చీటీ రిజిస్టరైందో లేదో చూడాలి. రిజిస్టర్ కాని చీటీలో గొడవ వస్తే చిట్స్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లే దారి ఉండదు. అసలు బాకీదారు నుంచి "మీరు కట్టాల్సి వస్తే నేను మీకు చెల్లిస్తాను" అని రాయించుకోవాలి. రాయకపోయినా ఆ హక్కు చట్టంలో ఉంది, రాసి ఉంటే కోర్టులో పని తేలిక. రెండు వాయిదాలు ఆగినట్టు తెలిసిన రోజే కదలాలి. పన్నెండు ఆగాక నోటీసు వచ్చేదాకా కూర్చుంటే బాకీదారు దగ్గర వసూలు చేసుకోవడానికి ఏమీ మిగలదు.

వద్దనుకుంటే చెప్పే పద్ధతీ ఉంది. "మా ఆవిడ ఒప్పుకోదు" అంటే నింద ఇంట్లోవాళ్ల మీద పడుతుంది, అడిగేవాళ్లు ఆవిడ దగ్గరికే వెళతారు. "సంతకం పెట్టను, నాకు చేతనైంది ఇరవై వేలు, ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు" అని చెప్పడం ఖరీదైనదిలా కనిపిస్తుంది. 4,40,000 బాధ్యత పక్కన పెట్టి చూస్తే అంత చవక బేరం ఇంకోటి లేదు. బంధుత్వం కూడా చెడదు. డబ్బు ఇచ్చినవాడి మీద కోపం ఎన్నాళ్లో ఉండదు. ష్యూరిటీ వల్ల జీతం కోతపడిన ఇంట్లో మాత్రం ఆ రెండు కుటుంబాలూ మళ్లీ పెళ్లిపీటల దగ్గర కలవడం అరుదు.

పెద్దకర్మ నాటి నోటు

అన్నిటికన్నా బరువైన సంతకం పెట్టేది చాలాసార్లు అప్పు చేయనివాడే. తండ్రి పోయిన పదో రోజునో పెద్దకర్మ ముగిశాకో పెద్దమనుషులు కూర్చుంటారు. "మీ నాన్న మాట మనిషి, నోటు నీ పేర రాసెయ్" అంటారు. గుండు మీద నీళ్లు ఆరని కొడుకు పదిమంది ముందు కాదనలేడు.

చట్టం ఆ కొడుకును అంతగా బిగించలేదు. తండ్రి అప్పుకు వారసుల బాధ్యత తండ్రి నుంచి తమకు వచ్చిన ఆస్తి మేరకే. తండ్రి రుణం తీర్చడం కొడుకు పవిత్ర కర్తవ్యమన్న పాత సూత్రం మీద మాత్రమే ఆధారపడి వసూలు చేయడానికి 2005 హిందూ వారసత్వ సవరణ తరవాత చేసిన అప్పుల విషయంలో వీల్లేదు. పొలం వస్తే పొలం విలువ దాకా, ఏమీ రాకపోతే ఏమీ లేదు. కొత్త నోటు మీద సంతకం పడిన క్షణం నుంచి అది కొడుకు సొంత అప్పు. విజయవాడలో అతను సంపాదించే జీతం, కట్టుకునే ఇల్లు, అన్నీ దాని కిందికి వస్తాయి. పైగా ఆ నోటులో ఉండేది తండ్రి తీసుకున్న అసలు కాదు, తిరగరాతలు కలిసిన అంకె.

ఆ రోజు చేయదగిన పని సంతకం వాయిదా వేయడం. మిగతా చోట్ల ముంచే వాయిదా ఇక్కడ ఒక్కచోటే అక్కరకొస్తుంది. "నెల రోజుల్లో కాగితాలన్నీ చూసి మాట్లాడతాను" అంటే పెద్దమనుషులు కూడా కాదనరు. ఆ నెలలో ప్రతి నోటుకూ అసలు ప్రతి చూపమని అడగాలి. తేదీ నుంచి మూడేళ్లు దాటిందా, వెనక చెల్లు ఉంటే ఆ సంతకం తండ్రిదేనా, స్టాంపు మీద సంతకం ఉందా, సాక్షులు బతికే ఉన్నారా, దస్తూరి ఎవరిది అన్నవి చూడాలి. నోటి మాట అప్పులకూ కాగితం అప్పులకూ వేరువేరు జాబితాలు రాయాలి. తండ్రి ఆస్తి విలువ ఎంత, బ్యాంకు బాకీ ఎంత, ఏసీ బాండ్లు ఏమైనా బీరువాలో ఉన్నాయా, బీమా పాలసీలో నామినీ ఎవరు అన్నవి తేలాక గానీ ఎవరికెంత ఇవ్వగలరో తెలియదు. ఆ తరవాత తండ్రి పేరు నిలబెట్టడానికి మొత్తం తీర్చాలని కొడుకు అనుకుంటే అది గౌరవించదగ్గ నిర్ణయమే. అప్పుడైనా తన పేర కొత్త నోటు రాయక్కర్లేదు. కట్టిన ప్రతి వాయిదాకూ తండ్రి నోటు వెనకే చెల్లు రాయించి, "ఆయన వారసుడిగా, ఆయన ఆస్తి మేరకు" అన్న మాట చేర్చి, ఫొటో తీసుకుని, ఆఖరి వాయిదా రోజు అసలు నోటు చేతికి తీసుకుంటే సరిపోతుంది.